యాసుజిరో ఓజు: ఏమీ జరగని సినిమాల మీద ఇంత వాదన ఎందుకు?

జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ 2023లో తీసిన 'పర్ఫెక్ట్ డేస్' చూసినవాళ్లకు హిరయామా గుర్తుండే ఉంటాడు. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రం చేసే మనిషి. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. జపాన్ దర్శకుడు యాసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953)లో ముసలి దంపతుల ఇంటిపేరు హిరయామా. ఆయన చివరి సినిమాలో తండ్రి ఇంటిపేరూ అదే. వెండర్స్ ఓజు కోసమే టోక్యో వెళ్లి 1985లో 'టోక్యో-గా' అనే డాక్యుమెంటరీ తీసినవాడు. అలా ఈ కాలం ప్రేక్షకులు కూడా ఓజు దాకా వస్తున్నారు. వచ్చాక ఎక్కువగా వినిపించేవి రెండు మాటలు. "జపాన్ ఆత్మని పట్టుకున్నాడు" అని కొందరు, "ఏమీ జరగదు, నిద్రొస్తుంది" అని మరికొందరు.

మెచ్చుకునేవాళ్లూ విసుక్కునేవాళ్లూ ఒక విషయంలో మాత్రం కలుస్తారు. ఓజు సాదాసీదాగా, సంప్రదాయంగా సినిమాలు తీసిన పెద్దమనిషి అని ఇద్దరూ అనుకుంటారు. ఆయన షాట్లని ఒక్కొక్కటిగా చూస్తే ఆ అభిప్రాయం నిలబడటం కష్టం.

## ఎరువుల వ్యాపారి ఇంట్లో సినిమా పిచ్చి

ఓజు 1903 డిసెంబర్ 12న టోక్యోలోని ఫుకగావాలో పుట్టాడు. వాళ్లది ఎరువుల వ్యాపారం. పదేళ్లు నిండేలోపే తల్లి, తోబుట్టువులతో కలిసి మియె ప్రాంతంలోని మత్సుసకాకి మకాం మారింది. చదువు మీద ధ్యాస తక్కువ, హాలీవుడ్ సినిమాల మీద ఎక్కువ. స్కూల్లో ఒక జూనియర్ కుర్రాడికి ప్రేమలేఖ రాశాడన్న ఆరోపణ మీద హాస్టల్ నుంచి పంపించేశారు. కొన్నాళ్లు ఒక కొండ ఊరి బడిలో పాఠాలు చెప్పి, 1923లో షోచికు కంపెనీ కమతా స్టూడియోలో కెమెరా అసిస్టెంటుగా చేరాడు. 1927లో మొదటి సినిమా తీశాడు. కత్తుల కాలపు కథ అదొక్కటే, ఇప్పుడు దాని ప్రింటు కూడా లేదు. ఆ తర్వాత తీసినవన్నీ తన కాలపు కథలే.

షోచికు స్టూడియో పెద్ద షిరో కిదో ఇష్టపడిన కథలు మామూలు మనుషులవి. గుమాస్తాలు, చిన్న దుకాణాలవాళ్లు, స్టూడెంట్లు, వాళ్ల ఇళ్లలోని నవ్వూ ఏడుపూ. జపాన్‌లో ఈ రకం సినిమాల్ని షోమిన్‌గెకి అంటారు. ఓజు చెయ్యి తిరిగింది ఇక్కడే. 1932లో వచ్చిన మూకీ 'ఐ వజ్ బార్న్, బట్...'లో ఇద్దరు చిన్న పిల్లలు నాన్నంటే హీరో అనుకుంటారు. బాసు ఇంట్లో వేసిన హోమ్ మూవీలో అదే నాన్న బాసుని నవ్వించడానికి వెర్రి మొహాలు పెట్టడం కళ్లారా చూస్తారు. ఇంటికొచ్చి అన్నం మానేస్తారు. కామెడీగా మొదలై ఉద్యోగస్తుడి గుండెల్లో గుచ్చుకునే సినిమా ఇది. 'కినెమా జుంపో' పత్రిక ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా దీన్నే ఎంచింది. 1933, 1934ల్లోనూ ఆ గౌరవం ఓజు సినిమాలకే దక్కింది.

1949లో వచ్చిన 'లేట్ స్ప్రింగ్' నుంచి 1962లోని 'యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్' దాకా ఉన్న సినిమాలే ఇప్పుడు మనం 'ఓజు సినిమా' అనగానే గుర్తుచేసుకునేవి. స్క్రిప్టులు కోగో నోదాతో కలిసి రాసినవి, చాలావాటికి కెమెరా యుహారు అత్సుతా, తండ్రి వేషాల్లో చిషూ ర్యూ, కూతురిగానో కోడలిగానో సెత్సుకో హారా. కథలు కూడా ఇంచుమించు ఒకటే: పెళ్లి కావాల్సిన కూతురు, ఒంటరిగా మిగిలే తండ్రి. ఎప్పుడూ ఇవే ఎందుకు తీస్తావంటే, నేను టోఫు చేసేవాణ్ని, నా దగ్గరికొచ్చి కట్‌లెట్ అడిగితే ఎలా అనేవాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. తల్లితోనే ఉన్నాడు. 1962లో ఆమె పోయింది, 1963 డిసెంబర్ 12న, సరిగ్గా అరవై నిండిన రోజున, క్యాన్సర్‌తో ఆయనా పోయాడు.

## కెమెరా అంత కింద ఎందుకుంది?

ఓజు గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పేది ఇదే. కెమెరా నేలకి దగ్గరగా ఉంటుంది. జపాన్ ఇళ్లలో తాటామి చాపల మీద కూర్చుంటారు కాబట్టి, కూర్చున్న మనిషి చూపు ఎత్తులో కెమెరా పెట్టాడని మామూలుగా చెప్పే కారణం. వినడానికి చక్కగా ఉంది. ఆయన్ని 'అందరికన్నా జపనీస్ దర్శకుడు' అనడానికి దొరికే మొదటి సాక్ష్యమూ ఇదే.

అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాప మీద కూర్చున్న మనిషి కళ్ల కన్నా కూడా ఆ కెమెరా కిందే ఉంటుంది. రెండోది ఇంకా పెద్దది. ఆఫీసులో కుర్చీల్లో కూర్చున్నవాళ్లనీ, బార్‌లో స్టూళ్ల మీద ఉన్నవాళ్లనీ, వీధిలో నడిచేవాళ్లనీ ఆయన అలాగే కింద నుంచే తీశాడు. ఆఫీసులో చాపలెక్కడివి?

అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ బోర్డ్‌వెల్ దీన్ని ఇంకోలా లెక్క కట్టాడు. ఓజుది ఒక స్థిరమైన ఎత్తు కాదు, ఒక నిష్పత్తి. కెమెరా ఎప్పుడూ తను చూపించే వస్తువు కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది. టీ కెటిల్‌ని తీస్తే బాగా కిందికి దిగుతుంది, నిలబడ్డ మనిషిని తీస్తే కొంచెం లేస్తుంది, మేడని తీస్తే ఇంకా లేస్తుంది. అలా చూస్తే ఇది ఎవరి చూపూ కాదు. ఫ్రేములో గీతలూ గళ్లూ తను అనుకున్నట్టు అమర్చుకోవడానికి దర్శకుడు ఎంచుకున్న పద్ధతి. ఓజు స్వయంగా చెప్పిన కారణం మరీ చప్పగా ఉంటుంది. 1928లో ఒక బార్ సీను తీస్తుంటే లైట్ల వైర్లు నేలంతా పరుచుకుని అడ్డొస్తున్నాయట. కెమెరా దించితే నేల కనపడదు కాబట్టి దించాడట. మొదలు అదే కావచ్చు. కానీ వైర్ల బాధ తీరిపోయాక కూడా ముప్పై ఏళ్లు కిందే ఉంచాడంటే, అది నచ్చి ఉంచుకున్నదే.

## చూపు కలవని మాటలు

ఇది ఒక మామూలు ప్రేక్షకుడు గమనించకపోయినా, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపించే విషయం.

సినిమాల్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుంటారు. కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలి. దీన్నే 180 డిగ్రీల నియమం అంటారు. కూతురు ఎడమవైపు, తండ్రి కుడివైపు కూర్చున్నారనుకుందాం. కూతుర్ని విడిగా చూపిస్తే ఆమె కుడివైపుకి చూస్తుంది, తండ్రిని చూపిస్తే ఆయన ఎడమవైపుకి చూస్తాడు. రెండు షాట్లూ పక్కపక్కన పెడితే ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది. హాలీవుడ్ నుంచి హైదరాబాద్ దాకా అందరూ పాటించేది ఇదే.

ఓజు ఆ గీత దాటేస్తాడు. కూతురి షాట్ ఒకవైపు నుంచి, తండ్రి షాట్ సరిగ్గా అటువైపు నుంచి తీస్తాడు. దాంతో ఇద్దరూ తెర మీద ఒకే దిక్కుకి చూస్తుంటారు. పైగా కెమెరాలోకి చూస్తున్నారేమో అనిపించేంత ఎదురుగా. కూర్చున్న తీరు, ఫ్రేములో మనిషి పరిమాణం ఒకేలా ఉండటంతో ఒక మొహం మీద ఇంకో మొహం అతికించినట్టు ఉంటుంది. యూనిట్‌లోవాళ్లు చూపులు కలవట్లేదని మొత్తుకున్నా, ప్రేక్షకుడికి కథ అర్థమవుతున్నప్పుడు ఏం తేడా వచ్చిందని కొట్టిపారేశాడు.

దీన్ని ఏమనాలి? హాలీవుడ్ తెలియక చేసిన పని అనడానికి లేదు. కుర్రతనంలో ఆయన మేసిందంతా హాలీవుడ్డే. 1929లో తీసిన స్టూడెంట్ల కామెడీ 'డేస్ ఆఫ్ యూత్'లో గది గోడ మీద అమెరికన్ సినిమా పోస్టరు వేలాడుతూ ఉంటుంది. జపాన్ సంప్రదాయం అనడానికీ లేదు, తోటి జపాన్ దర్శకులు ఇలా తియ్యలేదు. నాకైతే ఇది నియమం బాగా తెలిసినవాడు మొండిగా చేసిన ప్రయోగం లాగే కనిపిస్తుంది.

## పెళ్లికొడుకు కనిపించని పెళ్లి సినిమా

సీనుకీ సీనుకీ మధ్య ఓజు మనుషుల్లేని షాట్లు పెడతాడు. ఆరేసిన బట్టలు, ఫ్యాక్టరీ చిమ్నీలు, ఖాళీ వసారా, బార్ల బోర్డులు. 'టోక్యో స్టోరీ' మొదలయ్యేదే ఒనోమిచి రేవుతో, బడికెళ్లే పిల్లలతో, ఇళ్ల వెనక నుంచి వెళ్లే రైలుతో. జపాన్ కవిత్వంలో ఒక మాట ముందు అలవాటుగా వచ్చే విశేషణాలతో (వాటిని 'దిండు మాటలు' అంటారు) పోల్చి విమర్శకుడు నోయల్ బర్చ్ వీటికి 'పిల్లో షాట్లు' అని పేరు పెట్టాడు. పేరు బాగా అంటుకుంది. వీటిలో చాలావరకు మామూలు పని కూడా చేస్తాయి: ఇప్పుడు ఇల్లు, తర్వాత ఆఫీసు, మధ్యలో బోర్డు.

ఇంతకన్నా ఆశ్చర్యం ఆయన చూపించనివి. 'లేట్ స్ప్రింగ్' కథంతా కూతురు నోరికో పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నదే. మేనత్త తెచ్చిన సంబంధం గురించి బోలెడు మాట్లాడుకుంటారు. అబ్బాయి గ్యారీ కూపర్‌లా ఉంటాడట, నోటి దగ్గర పోలిక ఉందట. ఆ అబ్బాయి ఒక్క షాట్‌లో కూడా కనపడడు. పెళ్లిచూపులు లేవు, పెళ్లీ లేదు. నోరికో పెళ్లిబట్టల్లో తండ్రికి మొక్కుతుంది, తర్వాత సీనుకి తండ్రి పెళ్లి నుంచి తిరిగొచ్చేశాడు. 'టోక్యో స్టోరీ'లోనూ అంతే. ముసలావిడకి రైల్లో ఒంట్లో బాగోలేక ఒసాకాలో దిగాల్సి వస్తుంది. మనకి రైలు లేదు, ఆ కంగారూ లేదు. అక్కడ రైల్వేలో పనిచేసే చిన్న కొడుకు తోటి ఉద్యోగితో చెప్తుంటే తెలుస్తుంది. 'ఏమీ జరగదు' అన్న ఫిర్యాదుకి మూలం ఇక్కడే ఉంది. జరగాల్సినవన్నీ జరుగుతాయి. మరో దర్శకుడైతే పది నిమిషాలు తీసే సీన్లని ఈయన కోసేసి, ఆ ముందూ వెనకల్ని ఉంచుకుంటాడు.

## ఒక పూలకూజా, నలుగురు పండితులు

ఓజు మీద జరిగిన వాదనలన్నిటికీ మచ్చు కావాలంటే 'లేట్ స్ప్రింగ్'లో నిమిషం కూడా పట్టని ఒక ముక్క చాలు.

తండ్రీకూతుళ్లు కలిసి చేసే ఆఖరి ప్రయాణం, క్యోటోలో ఒక సత్రం గది. లైటు తీసేశారు. ఇద్దరూ పక్కపక్క పరుపుల మీద పడుకున్నారు. నోరికో ఏదో మాట్లాడుతుంది, తండ్రి అప్పటికే నిద్రలోకి జారుకుని గురక పెడుతున్నాడు. ఆమె పైకి చూస్తూ కొంచెం నవ్వుతుంది. కట్. గది మూలన పూలకూజా, వెనక కాగితపు తలుపు మీద వెదురాకుల నీడ. కట్. మళ్లీ నోరికో, ఇప్పుడు ఏడుపు ఆపుకుంటున్న మొహం. కట్. మళ్లీ అదే కూజా, ఈసారి ఇంకా ఎక్కువసేపు. తర్వాత సీను క్యోటోలోనే ర్యోఆన్‌జి గుడిలోని రాళ్లతోట.

నవ్వుకీ ఏడుపుకీ మధ్య కూజా ఎందుకు? జపాన్ సినిమాని ఇంగ్లీషు పాఠకులకి పరిచయం చేసిన డొనాల్డ్ రిచీ, ఆ కూజాని నోరికోతో పాటు మనమూ చూస్తున్నామని, ఆమె బాధని మనం అందులో నింపుకుంటామని అన్నాడు. తర్వాత దర్శకుడైన పాల్ ష్రేడర్‌కి అది ఇంకా పెద్ద విషయం. కదలని ఆ వస్తువు దుఃఖాన్ని తనలోకి తీసుకుని దాన్ని మనిషికి అతీతమైనదిగా మార్చేస్తుందన్నాడు, దాన్ని జెన్ బౌద్ధంతో ముడిపెట్టాడు. ఫ్రెంచి తత్వవేత్త జిల్ డెల్యూజ్‌కి అందులో కాలమే కనిపించింది: మనిషి మారింది, కూజా మారలేదు, ఆ మారనిదే కాలం.

అమెరికన్ సినిమా పరిశోధకురాలు క్రిస్టిన్ థామ్సన్ దీనికంతటికీ అడ్డం తిరిగింది. అక్కడ కూజా బదులు తోటలో దీపమో చెట్టుకొమ్మో పెట్టినా పని జరిగేదని ఆమె వాదన. ఆ షాట్ అర్థం చెప్పడానికి లేదు, మొహం మారే క్షణాన్ని మన కంట పడకుండా తప్పించడానికి ఉంది. సినిమాని మళ్లీ వేసి చూస్తే ఒకటి మాత్రం తేలుతుంది. నోరికో కళ్లు కప్పు వైపు ఉన్నాయి, ఆమె కూజాని చూస్తున్నట్టు చెప్పే ఆధారం షాట్లలో లేదు. కాబట్టి రిచీ మాట కొంచెం బలహీనపడుతుంది. అలాగని ఏ వస్తువైనా ఒకటే అన్నది కూడా నాకు పూర్తిగా మింగుడు పడదు. ఓజు టీకప్పుల్ని సైతం షాట్ షాట్‌కీ తనే సర్దుకునే మనిషి.

## యుద్ధం ఎక్కడ?

ప్రశాంతమైన ఓజు అన్న బొమ్మలో చాలాకాలం కనపడకుండా ఉండిపోయిన భాగం ఇది. 1937లో ఆయన్ని సైన్యంలోకి పిలిచారు. 1939 దాకా చైనాలో ఉన్నాడు, అదీ విషవాయువుల ప్రయోగానికి ఏర్పాటు చేసిన దళంలో. స్నేహితుడైన దర్శకుడు సదావ్ యమనకా 1938లో అక్కడే జబ్బుతో పోయాడు. తిరిగొచ్చాక ఓజు రాసిన స్క్రిప్టుని సెన్సారు తిప్పికొట్టింది. యుద్ధానికి వెళ్లబోయే భర్త భార్యతో కలిసి మామూలు టీ పోసుకున్న అన్నం తినడం అధికారులకి నచ్చలేదు. మార్చిన కథతో అది 1952లో గానీ సినిమా కాలేదు.

మనకి ఆసక్తి కలిగించే సంగతి దీని తర్వాతది. 1943లో సైన్యం ఆయన్ని సింగపూర్ పంపింది. అక్కడ తియ్యాల్సిన సినిమా సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ గురించి, చలో ఢిల్లీ నినాదం మీద. సినిమా పూర్తి కాలేదు. జపాన్ ఓడిపోయే సమయానికి తీసినదంతా తగలబెట్టేశారు. ఈలోపు ఓజు చేసిన పనేంటంటే, అక్కడ పట్టుబడిన అమెరికన్ సినిమాల ప్రింట్లు వేయించుకుని చూడటం. 'సిటిజన్ కేన్' కూడా అలా చూసిందే. 1946 ఫిబ్రవరిలో ఇంటికి చేరాడు.

యుద్ధం తర్వాత సినిమాల్లో ఒక్క పోరాట దృశ్యం లేదు. ఇది తప్పించుకోవడం అని కొందరంటారు, చైనాలో జరిగిన దాని మీద నోరు విప్పలేదని. ఇంకొందరు చూపించే సీను 'యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్'లోది. ఒకప్పటి నౌకాదళ కెప్టెన్ హిరయామా, అతని కింద పనిచేసిన నావికుడు ఒక బార్‌లో తాగుతుంటారు. రికార్డు మీద యుద్ధనౌకల మార్చ్ పాట. మనం గెలిచుంటే ఇప్పుడు న్యూయార్క్‌లో ఉండేవాళ్లం కదా అని నావికుడు ఊగిపోతాడు. ఓడిపోవడమే మంచిదైందేమో అంటాడు కెప్టెన్, మెల్లగా. నావికుడు క్షణం ఆలోచించి, అవును, మన మిలిటరీ వెధవలు ఇప్పుడు మన మీద పెత్తనం చెయ్యట్లేదు, అదే చాలు అంటాడు. 'టోక్యో స్టోరీ' కోడలి భర్త యుద్ధంలో తిరిగి రానివాడే. యుద్ధం ఉంది, కానీ ఇంట్లో మిగిలిన ఖాళీగా ఉంది. చైనా మాత్రం లేదు. రెండు వాదనలకీ చోటు ఉంది.

## సంప్రదాయవాదా?

ఇది తేల్చాలంటే ఒక చట్టం గుర్తుంచుకోవాలి. అమెరికా అధీనంలో ఉన్న జపాన్ 1947లో సివిల్ కోడ్ మార్చింది. ఇంటి పెద్దకి ఉన్న చట్టబద్ధమైన అధికారం, పెద్దకొడుక్కే ఇంటి వారసత్వం పోయాయి. పెద్దకొడుకు తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న పాత లెక్క కాగితం మీద చెల్లలేదు, మనసుల్లో ఉంది. 'టోక్యో స్టోరీ' ఆ సందులో నడుస్తుంది.

ఒనోమిచి నుంచి వచ్చిన ముసలి అమ్మానాన్నలకి టోక్యోలో డాక్టరు కొడుకు దగ్గరా, బ్యూటీపార్లర్ నడిపే కూతురు దగ్గరా తీరిక లేదు. ఇద్దరూ డబ్బులేసుకుని వాళ్లని అతామి బీచ్ హోటల్‌కి పంపేస్తారు. అక్కడ రాత్రంతా మాజాంగ్ ఆటల గోల, పాటలు. నిద్ర లేక పొద్దున్నే సముద్రపు గట్టు మీద కూర్చుని ఇంటికి పోదామనుకుంటారు. లేవబోతూ ఆవిడ తూలుతుంది. తర్వాత ఒనోమిచిలో ఆవిడ పోయాక, అంత్యక్రియల భోజనాల దగ్గరే కూతురు అమ్మ బట్టల్లో తనకి ఏవి కావాలో చెప్తుంది.

పాత విలువలు పోయాయని ఏడ్చే సినిమా అని దీన్ని చదవచ్చు. అమెరికా వెళ్లిన పిల్లల కోసం ఎదురుచూసే మన ఊళ్లలో ఇది అలాగే తగులుతుంది కూడా. కానీ ఓజు ఎవర్నీ విలన్ చెయ్యడు. డాక్టరు నిజంగానే రోగి దగ్గరికి పరుగెత్తాలి, పార్లర్ నడవాలి. చిన్న కూతురు అక్కా అన్నల స్వార్థం మీద మండిపడితే, వితంతువైన కోడలు నోరికో ('లేట్ స్ప్రింగ్' నోరికో కాదు, పేరొక్కటే అదే) వాళ్ల తరపునే మాట్లాడుతుంది: పెద్దయ్యాక అందరూ అంతే, నేనూ అలాగే అవుతానేమో అంటుంది. బతుకంటే నిరాశేనా అని ఆ పిల్ల అడిగితే, అవునని నవ్వుతూ ఒప్పుకుంటుంది. పైగా మావగారు ఆమెకి చెప్పేది సంప్రదాయం చెప్పేది కాదు: మా అబ్బాయిని మర్చిపో, మళ్లీ పెళ్లి చేసుకో.

దీనికి ఎదురుగా ఉండే విమర్శ షోచికులోని కుర్రాళ్ల నుంచే వచ్చింది. 'టోక్యో స్టోరీ'కి అసిస్టెంటుగా పనిచేసిన షోహెయ్ ఇమామురాకి ఆ పద్ధతి ఏమాత్రం పడలేదు. నటుల్ని అంత బిగించి కూర్చోపెట్టడం ఆయనకి ఊపిరాడని పని. తర్వాత తన సినిమాల్లో వేశ్యల్ని, దొంగల్ని, రైతుల్ని తెచ్చి తెర మీదకి వదిలాడు. ఓజు ప్రపంచం మధ్యతరగతి ఉద్యోగస్తుల డ్రాయింగు రూము దాటదన్న ఫిర్యాదులో, చివరి పదేళ్ల సినిమాల విషయంలో, నిజముంది.

## వెనక నుంచి ముందుకి చూసిన ప్రపంచం

కురొసావా 'రషోమాన్' 1951లో వెనిస్‌లో బహుమతి గెలిచాక బయటి ప్రపంచం జపాన్ వైపు చూసింది. ఓజుని మాత్రం కంపెనీ బయటికి పంపలేదు, ఇవి విదేశీయులకి ఎక్కవని. లండన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 'టోక్యో స్టోరీ'కి 1958లో సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. న్యూయార్క్‌లో మామూలు ప్రేక్షకులు చూసేసరికి 1972. 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక దర్శకుల్ని అడిగితే ప్రపంచంలో మొదటి స్థానం దానికే ఇచ్చారు. 2022 విమర్శకుల ఓటింగులో నాలుగోది.

ఇందులో వరస ముఖ్యం. పడమటి ప్రేక్షకులు ఎక్కువమంది ముందు చూసింది చివరి సినిమాలు. కదలని కెమెరా, నెరిసిన జుట్టు తండ్రులు, టీ. అప్పుడే జెన్ మీద మోజు కూడా ఊపులో ఉంది. కమకురాలోని జెన్ మఠంలో ఉన్న ఓజు సమాధి మీద పేరు బదులు 'శూన్యం' అన్న అక్షరం ఒక్కటే ఉండటం ఆ కథకి ఇంకా కలిసొచ్చింది. జపాన్ విమర్శకుడు షిగెహికో హసుమి దీన్ని గట్టిగా ఎదిరించాడు. జపాన్ కవిత్వం నిండా వానలూ మంచూ మబ్బులూ ఉంటే, ఓజు సినిమాల్లో ఆకాశం ఎప్పుడూ నిగనిగలాడే ఎండతో కాలిఫోర్నియాలా ఉంటుందని ఎత్తి చూపించాడు.

1933లో ఓజు తీసిన 'డ్రాగ్‌నెట్ గర్ల్'లో నటి కినుయో తనకా పగలు టైపిస్టు, రాత్రి గ్యాంగ్‌స్టర్ ప్రియురాలు. బాక్సింగ్ జిమ్ ఉంది, టోపీలున్నాయి, తుపాకీ ఉంది, గోడల నిండా ఇంగ్లీషు రాతలున్నాయి, కెమెరా జోరుగా పరుగెడుతుంది. ముందు ఇది చూసి, ఇరవై ఏళ్ల తర్వాత 'టోక్యో స్టోరీ' చూసిన టోక్యో ప్రేక్షకుడికి జెన్ అన్న మాట తట్టి ఉంటుందంటే నమ్మడం కష్టం.